ఒట్టు వేరు, ఓటు వేరు

జనవరి 16 అంటే మనకి సంక్రాంతి వెళ్ళిన మర్నాడో ఆ మర్నాడో. ముక్కతో పాటు చుక్క కూడా వెతుక్కునేవాళ్ళకి ముఖ్యమైన రోజు. చిత్రమేమిటంటే, నేను బతికిన రెండు దేశాల్లోనూ ఆ చుక్కకి గండం వచ్చింది ఆ తారీఖునే. 1919 జనవరి 16న నెబ్రాస్కా ఆమోదంతో అమెరికా రాజ్యాంగ పద్ధెనిమిదో సవరణకి కావలసిన 36 రాష్ట్రాల లెక్క పూర్తయింది. మరుసటి ఏడాది జనవరిలో దేశమంతటా మద్యనిషేధం మొదలైంది. 1995 జనవరి 16న ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్యనిషేధం అమల్లోకి వచ్చింది. మొదటిది దాదాపు పద్నాలుగేళ్ళు నడిచింది. రెండోది రెండేళ్ళు దాటి కొద్ది నెలలే.

రెండుచోట్లా జనం తమ మనస్సాక్షికి మంచిదని తోచినదాన్నే ఓటుగా వేశారు. రెండుచోట్లా ఆ ఓటుని తర్వాత తిరగరాయాల్సి వచ్చింది. ఎన్నికలు దగ్గరపడి నలుగురు తెలుగువాళ్ళం ఒకచోట చేరినప్పుడల్లా వచ్చే వాదనకి ఈ కథ బాగా పనికొస్తుందని నా నమ్మకం. "మన నీతి నియమాలని బట్టి ఓటెయ్యకపోతే ఇంకెందుకండీ ఓటు?" అంటారు కొందరు. "నీ నీతి నీ ఇంట్లో పెట్టుకో, పోలింగ్ బూతుకి తీసుకురాకు" అంటారు మరికొందరు. ఇద్దరి మాటలోనూ సగం నిజమే ఉందనిపిస్తుంది. మిగతా సగం కోసం చరిత్రలోకి వెళ్ళాలి. ఇవాళ్టి పార్టీల పేర్లెత్తితే వాదన రెండో నిమిషంలోనే దారి తప్పుతుంది కనక, పాత సీసాలోని పాత సారానే ముట్టుకుంటాను.

అమెరికా మద్యనిషేధం అనగానే మనకి సినిమాల్లో చూసిన అల్ కపోన్, తుపాకులు, చీకటి బార్లు గుర్తొస్తాయి. మొదలు మాత్రం అది కాదు. 1873 డిసెంబరులో ఒహాయో రాష్ట్రంలోని హిల్స్‌బరో అనే చిన్న ఊళ్ళో ఆడవాళ్ళు గుంపుగా బయల్దేరి, సెలూన్ల ముందు మంచులో మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థనలు చేశారు. వాళ్ళకి ఓటు లేదు. చాలామందికి సొంత ఆస్తి లేదు. మొగుడు వారం కూలి శనివారం రాత్రికే తాగేస్తే పిల్లలకి రొట్టె ఉండదు. తాగొచ్చి కొడితే చెప్పుకోడానికి దిక్కు లేదు. మరుసటి ఏడాది పుట్టిన మహిళా మద్యపాన వ్యతిరేక సంఘం, ఫ్రాన్సెస్ విల్లర్డ్ నాయకత్వంలో, మద్యంతో ఆగకుండా ఆడవాళ్ళకి ఓటు కావాలనే దాకా వెళ్ళింది. ఇదంతా చదువుతుంటే మన తెలుగువాళ్ళకి ఒక ఊరి పేరు గుర్తుకి రాక తప్పదు. ఆ ఊరికి తర్వాత వస్తాను.

తర్వాతి ఘట్టం వేరే రంగులో ఉంటుంది. 1893లో ఒహాయోలోనే పుట్టిన యాంటీ సెలూన్ లీగ్ దీన్ని ఓట్ల లెక్కగా మార్చింది. దాని బుర్ర వేన్ వీలర్ అనే లాయరు. ఆయన పద్ధతి చాలా సులువు. అభ్యర్థి డెమోక్రాటా రిపబ్లికనా అని అడగడు. ఆ పెద్దమనిషి ఇంట్లో తాగుతాడా మానతాడా అని కూడా అడగడు. సభలో మద్యానికి వ్యతిరేకంగా చెయ్యెత్తుతాడా లేదా, అంతే. ఎత్తేవాడికి చర్చీల నుంచి ఓట్లు, ఎత్తనివాడికి ఓటమి. అంటే నీతి పేరుతో మొదలైన ఉద్యమం, తన మనుషుల నీతిని అడగడం మానేసింది. 1920లో గెలిచిన ప్రెసిడెంట్ హార్డింగ్ సెనేటర్‌గా ఉండగా నిషేధానికి అనుకూలంగా ఓటేసినవాడు. అధ్యక్షుడయ్యాక శ్వేత సౌధంలోనే స్నేహితులతో పేకాడుతూ విస్కీ పోయించుకున్నవాడు.

ఇందులో డబ్బు లెక్క కూడా ఉంది. అంతవరకూ కేంద్ర ప్రభుత్వానికి మద్యం మీద సుంకం పెద్ద రాబడి. 1913లో పదహారో సవరణతో ఆదాయపు పన్ను వచ్చాక, ఖజానాకి మద్యం లేకపోయినా గడుస్తుందనే ధైర్యం వచ్చింది. 1917లో జర్మనీతో యుద్ధం వచ్చింది. బీరు బట్టీల యజమానులు చాలామంది జర్మన్ మూలాలవాళ్ళు. తాగుడు మీద కోపం, పరాయివాడి మీద కోపం కలిసిపోయాయి.

వలసవచ్చిన మనలాంటివాళ్ళు ఆగి చూడాల్సిన చోటు ఇదే. సెలూన్ అంటే ఆనాడు కేవలం తాగుడు కొట్టు కాదు. ఐరిష్, జర్మన్, ఇటాలియన్ కూలీలకి ఉత్తరాలు అందేచోటు, పని దొరికేచోటు, తమ భాషలో మాట్లాడుకునేచోటు. ఆ సెలూన్‌ని పాపపు కొంపగా చూసినవాళ్ళలో చాలామంది పల్లెటూళ్ళ ప్రొటెస్టంట్లు. చట్టం వచ్చాక పోలీసులు ఎవరి తలుపులు తట్టారు? ఆ చట్టం మద్యం తయారుచెయ్యడాన్ని, అమ్మడాన్ని, రవాణా చెయ్యడాన్ని నిషేధించింది. తాగడాన్ని కాదు. కనక ముందే కొని నేలమాళిగలో దాచుకోగలిగిన డబ్బున్నవాడు చట్టబద్ధంగా తాగాడు. ఇంట్లో ద్రాక్షసారా కాచుకున్న ఇటాలియన్ గనికూలీ దొంగయ్యాడు. ఇల్లినాయ్‌లోని విలియంసన్ కౌంటీలో 1923-24 ప్రాంతంలో కూ క్లక్స్ క్లాన్ మనుషులే మద్యనిషేధం అమలు పేరిట వలసవాళ్ళ ఇళ్ళ మీద పడ్డారు. భగత్ సింగ్ థిండ్ తెల్లవాడు కాదు కనక పౌరసత్వానికి పనికిరాడని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది 1923లో. ఆసియావాళ్ళకి తలుపు దాదాపుగా మూసేసిన వలస చట్టం 1924లో. వీటన్నిటికీ కారణం మద్యనిషేధమని నేననను. కానీ "మన పద్ధతే నీతి, మిగతావాళ్ళది అలవాటు దోషం" అనే గాలి ఆ దశాబ్దమంతా వీచింది. ఆ గాలి ఎదురైతే మనం ఏ వైపున ఉంటామో వేరే చెప్పక్కర్లేదు.

ఇక చట్టాన్ని ఎత్తేసిందెవరు? తాగుబోతులనుకుంటే పొరపాటు. పాలిన్ సాబిన్ అనే రిపబ్లికన్ నాయకురాలు, పిల్లలకి మద్యం లేని లోకం దొరుకుతుందని మొదట నిషేధాన్ని సమర్థించింది. ఆ పిల్లలు చట్టమంటే లెక్కలేకుండా పెరుగుతున్నారని చూసి, 1929లో నిషేధం రద్దు కోసమే మహిళా సంఘం పెట్టింది. లక్షలాది ఆడవాళ్ళు చేరారు. "మద్యం విషయంలో ఆడవాళ్ళ ఓటంతా ఒకటే" అన్న ధీమా అక్కడితో పోయింది. జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ చుక్క ముట్టని మనిషి. యాంటీ సెలూన్ లీగ్‌కి ఆయన కుటుంబం డబ్బిచ్చింది. ఆయనే 1932లో, ఈ చట్టం మంచికంటే చెడే ఎక్కువ చేసిందని బహిరంగంగా ఉత్తరం రాశాడు. మాంద్యంలో ఖజానా ఖాళీ కావడం కూడా రద్దుకి కలిసొచ్చింది.

అన్నిటికన్నా నన్ను ఆలోచనలో పడేసింది యూటా రాష్ట్రం. అక్కడ ఎక్కువమంది మోర్మన్లు. వాళ్ళకి మద్యం మతరీత్యా నిషిద్ధం. కాఫీ, టీ కూడా కూడదు. చర్చి అధ్యక్షుడు హీబర్ గ్రాంట్ నిషేధాన్ని రద్దు చెయ్యొద్దని గట్టిగా చెప్పాడు. 1933 నవంబరులో యూటా ప్రజలు ఓటేశారు. ప్రతి ఐదుగురిలో ముగ్గురు రద్దుకే ఓటేశారు. డిసెంబరు 5న రద్దుకి కావలసిన ముప్ఫై ఆరో రాష్ట్రంగా నిలిచింది యూటాయే. అలా ఓటేసినవాళ్ళలో తాగేవాళ్ళు కొందరుండొచ్చు. కానీ మోర్మన్లు మెజారిటీగా ఉన్న రాష్ట్రంలో తాగనివాళ్ళు కూడా వెయ్యకుండా అంత లెక్క రాదు. వాళ్ళేమీ మతం వదులుకోలేదు, మర్నాటి నుంచి తాగడం మొదలెట్టలేదు. దేవుడికి పెట్టిన ఒట్టు ఒట్టుగానే ఉంది. ఓటు మాత్రం వేరే ప్రశ్నకి జవాబని వాళ్ళకి తెలిసింది.

ఇప్పుడు మన సంగతి. 1888లో లండన్ బయల్దేరే ముందు గాంధీ గారు తల్లి పుత్లీబాయి తృప్తి కోసం, ఒక జైన సాధువు ఎదుట, మద్యం, మాంసం, పరస్త్రీ ముట్టనని ప్రమాణం చేశారు. సముద్రం దాటే కొడుకుల చేత తల్లులు ఒట్టేయించుకోవడం అప్పటినుంచీ ఉన్నదే. మా అమ్మ కూడా బేగంపేట ఎయిర్‌పోర్టుకి బయల్దేరే ముందు దేవుడి గూటి దగ్గర నిలబెట్టి నా చేత ఒట్టేయించుకుంది. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఒట్టు ఇంకా ఉంది. కాకపోతే గాంధీ గారి ఒట్టు ఆయన దగ్గర ఆగలేదు. అది కాంగ్రెస్ కార్యక్రమమైంది, మన రాజ్యాంగం 47వ అధికరణంలో ఆదేశిక సూత్రమైంది. 1937 అక్టోబరులో మద్రాసు ప్రధానిగా రాజాజీ సేలం జిల్లాలో నిషేధం పెట్టారు. మరుసటి ఏడాది అది మన చిత్తూరు, కడప జిల్లాలకి వచ్చింది. పోయిన రాబడిని పూడ్చుకోడానికి 1939లో అమ్మకపు పన్ను చట్టం తెచ్చారు. ఇవాళ్టికీ మనం కట్టే అమ్మకపు పన్ను తరహా పన్నులకి అదొక మూలపురుషుడు.

శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మిత్రుడొకాయన మా ఊళ్ళోనే ఉంటాడు. ఒకసారి ఈ మాటలే వచ్చినప్పుడు, "గురూ, నీకు అది గాంధీ గారి కథ. మాకది మా తాత కథ" అన్నాడు. ఆ తాత తాటిచెట్టు ఎక్కి కల్లు గీసేవాడు. మోకు, కత్తి, లొట్టి, ఇవే ఆయన ఆస్తి. మద్రాసు రాష్ట్రమంతా నిషేధం వచ్చేసరికి అవి నేరానికి సాక్ష్యాలయ్యాయి. చెట్టెక్కి జైలుకెళ్ళాలి, లేదంటే చెట్టు దిగి కూలికెళ్ళాలి. 1953లో ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రంలో గీత కార్మికుల తరఫున గౌతు లచ్చన్న గారు నిలబడింది ఈ బాధ మీదే. నిషేధం ఎత్తెయ్యమని రామమూర్తి కమిటీ సిఫార్సు చేసింది. ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1954 నవంబరులో ఈ గొడవ మీద పెట్టిన అవిశ్వాస తీర్మానంలో ప్రకాశం పంతులు గారి మంత్రివర్గం ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. తుపాకికి గుండె చూపిన ఆంధ్రకేసరి నిజాయితీని శంకించేవాడెవడూ లేడు. కానీ ఆ నిజాయితీకి కట్నం చెల్లించింది ఇంకొకడి మోకు, ఇంకొకడి కూడు.

అలాగని నీతికి ఓటుతో పనిలేదందామా? ఇందాక దాటేసి వచ్చిన ఊరు ఇదీ: నెల్లూరు జిల్లా దూబగుంట. 1980ల్లో ప్రభుత్వమే సారాని పాకెట్లలో పోయించి, "వారుణి వాహిని" పేరుతో ఊరూరికీ పంపింది. తాగునీరు రాని ఊళ్ళకి కూడా సారా జీపు టైముకి వచ్చేది. 1991లో జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. రాత్రి బడిలో పాఠాలు చదువుకుంటూ ఆడవాళ్ళు తమ ఇళ్ళ కథ తామే మాట్లాడుకున్నారు. రోశమ్మ వంటివారు ముందు నడిచి దుకాణం మూయించారు. ఆ కథే "ఆడవాళ్ళు ఏకమైతే" అనే పాఠమై మిగతా ఊళ్ళకి పాకింది. 1992లో సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరులో రాష్ట్రమంతటా సారా బంద్ అయింది. 1994 ఎన్నికల్లో ఎన్టీఆర్ సంపూర్ణ నిషేధం వాగ్దానం చేశారు. రెండు రూపాయల బియ్యం వాగ్దానం కూడా పక్కనే ఉందనుకోండి. 294 స్థానాల్లో కాంగ్రెస్‌కి 26 మిగిలాయి. ప్రమాణ స్వీకారం రోజునే ఆయన నిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు.

మా అత్తగారిది ఆ జిల్లానే. వేలంపాట ఆపడానికి వెళ్ళినవాళ్ళలో ఆవిడ కూడా ఉంది. కొన్నేళ్ళ కిందట మా దగ్గరకి వచ్చినప్పుడు, మా ఆవిడ, "అంత చేస్తిరి కదమ్మా, రెండేళ్ళకే ఎత్తేసిరే" అంది. ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, "చూడమ్మాయ్, లోకంలో ఎవురూ తాగొద్దని మేం యాడ అడిగినాం? గవర్మెంటోడు తెచ్చి మా వాకిట్లో అమ్మొద్దన్నాం. కూలి దుడ్లు ఇంటికి రానీమన్నాం. అది సారాతోనే అయిపొయ్యింది. బ్రాందీ గురించి అడిగింది టౌనోళ్ళు" అంది.

ఆ మాటని నేను చాలాకాలం మోశాను. సారా మీద వేటు నిజంగానే నిలబడింది. 1997లో చంద్రబాబు ప్రభుత్వం నిషేధం ఎత్తేసినా, సారా వేలంపాటలు తిరిగి రాలేదు. సంపూర్ణ నిషేధం మాత్రం పొరుగు రాష్ట్రాల సీసాల ముందు, దొంగసారా ముందు, ఖాళీ ఖజానా ముందు నిలవలేదు. అమెరికాకి ఆదాయపు పన్ను ఉంది, రాజాజీకి అమ్మకపు పన్ను దొరికింది. 1995లో మనకి కొత్త రాబడి ఏదీ లేదు. ఆ తర్వాత 2019లో దశలవారీ నిషేధం అంటూ దుకాణాలని ప్రభుత్వమే తీసుకుంది. 2024 ఎన్నికల నాటికి ఆ సీసాల ధర, నాణ్యత వీధిలో చర్చయ్యాయి. ఆ ఏడాది అక్టోబరులో ప్రైవేటు దుకాణాలు, 99 రూపాయల క్వార్టరూ వచ్చాయి. చక్రం ఒక చుట్టు తిరిగింది.

హిల్స్‌బరోలోనూ దూబగుంటలోనూ ఆడవాళ్ళు చెప్పింది తమ మీద పడుతున్న దెబ్బ గురించి. వీలర్ గారి లీగు చెప్పింది ఎదుటివాడి పాపం గురించి. రెండూ నీతే, రెండూ ఓట్లుగా మారాయి. కానీ మొదటిది న్యాయం అడగడం, రెండోది బుద్ధి చెప్పడం. ఒట్టు నన్ను కట్టేస్తుంది. ఓటు ఇంకొకడి ఇంటికి పోలీసుని పంపుతుంది. అందుకే ఒకదాని కొలతతో రెండోదాన్ని కొలవకూడదు.

"మరి బానిసత్వాన్ని రద్దు చేయించింది కూడా చర్చీల నీతే కదా?" అని మీరడగొచ్చు. అవును. అక్కడ దెబ్బ తింటున్నవాడు వేరే మనిషి, అతనే అరుస్తున్నాడు. ఫ్రెడరిక్ డగ్లస్ నోటితో చెప్పాడు, పుస్తకాలు రాసి చెప్పాడు. అలాంటిచోట నీతిని ఇంట్లో వదిలి వెళ్ళమనడమే అన్యాయం. తాగుడు విషయంలో గీత అంత తిన్నగా ఉండదు. తాగడం ఒకడి ఇష్టం, తాగి కొట్టడం ఇంకొకరి ఒళ్ళు. అందుకే నీతి వద్దని నేననను. బూతులోకి వెళ్ళేటప్పుడు ఆ నీతినే ఇంకో మూడు ప్రశ్నలు అడగమంటాను. ఈ తప్పు వల్ల దెబ్బ తింటున్నది ఎవరు, వాళ్ళేమంటున్నారు? చట్టమైతే పోలీసు ముందు తట్టేది నా తలుపా, ఇంకొకడిదా? చట్టం లేకపోతే నా ఒట్టు నేను నిలుపుకోలేనా?

టెక్సస్ 1935లో రాష్ట్రమంతటి నిషేధం ఎత్తేసినా, అమ్మాలా వద్దా అన్నది కౌంటీలకి, ఊళ్ళకి, ఇంకా చిన్న పరిధులకి వదిలేసింది. దాన్ని లోకల్ ఆప్షన్ ఎన్నిక అంటారు. పూర్తిగా పొడిగా మిగిలిన కౌంటీలు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు. మా ఊళ్ళో కొట్లలో బీరు, వైను అమ్మనివ్వాలా అని ఒకసారి అడిగారు. సిటిజెన్లమయ్యాక మా ఇద్దరికీ వచ్చిన చిన్న ఎన్నిక. ఎప్పుడూ తాగని నేను అమ్మనివ్వమని వేశాను. అక్కడ అమ్మకపోతే జనం కారెక్కి పక్క ఊరు వెళ్ళి కొనుక్కుంటున్నారు, దానివల్ల ఏ ఇంట్లోనూ దెబ్బలు తగ్గలేదు. మా ఆవిడ వద్దని వేసింది. "కొట్టు కళ్ళముందు ఉంటే కొనేవాడు ఇంకో సీసా కొంటాడు. ఆ ఇంకో సీసా ఎవరి ఇంట్లో ఏం చేస్తుందో మా అమ్మనడుగు" అంది. తను మూడు ప్రశ్నల్లో మొదటిదాన్ని పట్టుకుంది, నేను మూడోదాన్ని. తన జవాబు తప్పని ఇప్పటికీ నేను నిరూపించలేను. "పాపం కనక వద్దు" అని ఇద్దరం అనుకోలేదు, నాకు ముఖ్యమనిపించింది అది.

ఇక్కడుండి ఊరికి ఫోన్ చేసి, ఎవరికి ఓటెయ్యాలో, ఏది నీతో చెప్పే అలవాటు మనకి ఎక్కువ. అమెరికా పాస్‌పోర్టు తీసుకున్నవాడికి అక్కడ ఓటు లేదు, ఆ ఓటు తెచ్చే కష్టమూ లేదు. చెట్టు దిగాల్సినవాడు మనం కాదు, వేలంపాట దగ్గర లాఠీకి ఎదురు నిలబడాల్సిందీ మనం కాదు. సలహా చెప్పొద్దనను. చెప్పేముందు, దాని ఖరీదు కట్టేవాళ్ళు ఏమంటున్నారో అడిగి వినడం మన మర్యాద. దూబగుంటలో ఆడవాళ్ళకి మద్యం చెడ్డదని బయటివాళ్ళు వచ్చి చెప్పనక్కర్లేదు. వాళ్ళకి కావలసింది అక్షరాలు, ఒకళ్ళ మాట ఒకళ్ళు వినే చోటు. అవి దొరికాక ఏం అడగాలో వాళ్ళకే తెలిసింది.